ఐదు వందల రూపాయల అర్జీ

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అంతమంది పేర్లు, గుర్తులు ఒక్క కాగితం మీద పట్టలేదు. బ్యాలెట్ పేపరు పుస్తకమై కూర్చుంది. దాన్ని అచ్చు వేయించడానికే ఎన్నికల సంఘం పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. దేశం నలుమూలల పత్రికలు దీన్ని వింతగా రాశాయి. మా జిల్లాలో మాత్రం వింతగా చూసినవాళ్లు తక్కువ, ఎందుకు నిలబడ్డారో అందరికీ తెలుసు. తాగే నీళ్ల కోసం నిలబడ్డారు.

మాది పోచంపల్లి. చిటికి కట్టి, నూలుకు రంగులద్ది, మగ్గం మీద నేసే కుటుంబం. మా మేనత్తను మర్రిగూడ వైపు ఇచ్చారు. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి పోతే నన్ను ఎత్తుకుని తిప్పిన మామ, నేను పెద్దవాడినయ్యేసరికి మెడ తిప్పలేకపోయేవాడు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. వాళ్ల వాడకట్టులో పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. కొందరి కాళ్లు మోకాళ్ల దగ్గర నుంచి విల్లులా వంగి ఉండేవి. ఇంటికి ఎవరొచ్చినా అత్త చెంబుతో నీళ్లిచ్చేది. ఇస్తూనే, "కొంచెమే తాగు బిడ్డా, ఇవి మంచియి కావు" అనేది. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి, ఎక్కువ తాగొద్దని తనే చెప్పాల్సి రావడం ఆమెకెంత బాధో అప్పుడు నాకు తెలియదు.

రంగు పనిచేసేవాళ్లం నీళ్లను కంటితోనే అంచనా వేస్తాం. ఉప్పునీళ్లయితే నూలు మీద రంగు సమంగా ఎక్కదు, మచ్చలు పడతాయి. సైకిలు ట్యూబు పట్టీలతో గంటలకొద్దీ కట్టిన చిటికి అంతా వృథా అవుతుంది. అందుకే మా నాన్న ఏ ఊరు పోయినా ముందు అక్కడి బావి నీళ్లు చేతిలోకి తీసుకుని చూసేవాడు. మామ మెడను బిగించిన ఫ్లోరైడు మాత్రం ఆ పరీక్షకు దొరకదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పైగా సున్నం తక్కువున్న నీళ్లలోనే అది ఎక్కువగా కరుగుతుంది. అంటే రంగుకు బాగుందనిపించే నీళ్లలోనే ఎముకలను తినే గుణం ఉండొచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు.

మా ఎత్తు ప్రాంతపు భూమి కింద ఉన్నది గ్రానైటు. ఆ రాయిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి నీళ్లలోకి దిగుతుంది. చేదబావులు ఎండి, బోరింగులు వేసి, లోతుకు పోయిన కొద్దీ అది పెరిగింది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మర్రిగూడ, మునుగోడు, నార్కట్‌పల్లి వైపు ఎన్నో ఊళ్లలో నీళ్లు ఆ హద్దును ఎప్పుడో దాటాయి. ఆ నీళ్లు తెచ్చే ఫ్లోరోసిస్ రోగాన్ని నిజాం రోజుల్లోనే వైద్యులు గుర్తించారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఇతర దేశాల పుస్తకాల్లో కూడా మా జిల్లా పేరు ఆ రకంగా ఎక్కింది. పేరు అంత దూరం పోయింది కానీ ఆ నీళ్లు తాగే ఊళ్లకు మంచినీళ్లు రాలేదు.

ఇదే జిల్లాలో నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా ఖమ్మం వైపు పోయి లక్షల ఎకరాలు పండించింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ ఆ కాలువ కన్నా ఎత్తులో ఉన్నాయి. నీళ్లు పైకి పారవు గదా! కృష్ణా నది మా జిల్లా అంచును ఒరుసుకుంటూ పోతుంటే, ఎగువనున్న ఊళ్లు బోరింగు కొట్టుకుని విషం తాగాయి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ తవ్వితే ఆ నీళ్లు ఇటు వస్తాయని ప్రతి ఎన్నికలోనూ ప్రతి పార్టీ చెప్పింది. గెలిచినవాళ్లూ చెప్పారు, ఓడినవాళ్లూ చెప్పారు.

ఈ జిల్లా ఓటును తేలికగా తీసుకున్నది కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా పోచంపల్లికి వచ్చినప్పుడు 40 దళిత కుటుంబాలు ఎదురుగా నిలబడి బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే లేచి 100 ఎకరాలిస్తానన్నారు. ఆ తర్వాత కొద్ది నెలలకే మొదటి సార్వత్రిక ఎన్నికలు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కనుక వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేరుతో నిలబడ్డారు. మా పక్కన బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డికి నల్లగొండలో 3,09,162 ఓట్లు పడ్డాయి. అలహాబాదు వైపు నిలబడ్డ నెహ్రూకు వచ్చినవి 2,33,571. రెండూ ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునే స్థానాలే. తెలంగాణ సాయుధ పోరాటం ముగిసి ఏడాది కూడా తిరగలేదు. చేతిలో తుపాకీ పోయినవాళ్లు, దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు పోలింగు పెట్టె దగ్గరికి పోయి ఓటేసి చెప్పిన మాట అది. ఎదురుగా నిలబడి అడగడం, అడిగినదాన్ని ఓటుతో గట్టిగా చెప్పడం, ఈ రెండూ మాకు అప్పుడే అబ్బాయి.

1996 సంగతి ఈ వరసలోనే చూడాలని నేను నమ్ముతాను. ఆ ఏడాది దేశమంతా కుంభకోణాల మాటే. జనవరిలో జైన్ హవాలా కేసులో పెద్ద పెద్ద నాయకుల మీద అభియోగాలు నమోదయ్యాయి. అద్వానీ లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేసి ఆ ఎన్నికల్లో పోటీకే దూరంగా ఉన్నారు. 1993లో అవిశ్వాస తీర్మానం గట్టెక్కడానికి ఎంపీలకు డబ్బులిచ్చారన్న కేసు మన తెలంగాణ బిడ్డ పీవీ నరసింహారావును ఏళ్ల తరబడి వెంటాడింది. చివరికి 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషి అంది. హవాలా కేసులూ కోర్టుల్లో నిలబడలేదు. పేపరు తెరిస్తే డైరీలు, పేర్లలో మొదటి అక్షరాలు, లక్షల అంకెలు. మా అత్త వాళ్ల ఊళ్లో ఎవరూ ఆ డైరీల గురించి మాట్లాడుకోలేదు. వాళ్ల కుంభకోణం బిందెలో ఉంది. దాని మీద ఏ సీబీఐ కేసూ లేదు.

ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. అప్పటి సిట్టింగ్ ఎంపీ బొమ్మగాని ధర్మభిక్షం మీద మచ్చ లేదు. సూర్యాపేటలో విద్యార్థుల కోసం హాస్టలు నడిపినవాడు, గీత కార్మికులను కూడగట్టినవాడు, నిజాం జైళ్లు చూసినవాడు. అంతమంది ఆయన వ్యక్తిత్వం మీద పోటీకి దిగలేదు. కాంగ్రెస్, తెలుగుదేశం, కమ్యూనిస్టులు, అందరూ ఏదో ఒక కాలంలో ఇక్కడ గెలిచి ఢిల్లీకి పోయినవాళ్లే. అందరూ గెలిచినా నీళ్లు రాలేదు. మనిషిని మార్చి లాభం లేదని జనానికి అర్థమయ్యాక, అసలు ఎన్నికనే నిలదీయాలన్న ఆలోచన పుట్టింది.

బ్యాంకు ఉద్యోగం వదిలి నీళ్ల కోసం ఊరూరా తిరిగిన దుశర్ల సత్యనారాయణ, ఆయన పెట్టిన జలసాధన సమితి ఆ ఆలోచనకు దారి చూపాయి. ఊరేగింపులు, ధర్నాలు, వినతిపత్రాలు అన్నీ అయిపోయాయి. మిగిలిన తెల్లకాగితం నామినేషను పత్రమే. లోక్‌సభకు డిపాజిట్ అప్పుడు 500 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 250. బలపరచడానికి ఒక్క ఓటరు సంతకం చాలు. రైతులు, కూలీలు, ఫ్లోరోసిస్‌తో నడుము వంగినవాళ్లు నల్లగొండకు పోయి కాగితాలు దాఖలు చేశారు. అర్జీ పెడితే గుమాస్తా బల్లకింద తొక్కేయొచ్చు. నామినేషనును అలా తొక్కేయలేరు. తీసుకోవాలి, పరిశీలించాలి, పేరు అచ్చు వేయాలి, గుర్తు ఇవ్వాలి, ఓట్లు లెక్కపెట్టాలి, ఫలితం గెజిట్‌లో ఎక్కాలి. ప్రభుత్వం తప్పనిసరిగా చదవాల్సిన అర్జీ కావాలంటే ఇంతకన్నా మంచిది ఎవరూ రాయలేదు. నేను ఆ తెలివికి ఇప్పటికీ దండం పెడతాను.

ఫలితాల్లో ధర్మభిక్షమే మళ్లీ గెలిచారు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ప్రధాన పార్టీల ముగ్గురికి తప్ప మిగతావాళ్లందరికీ పోయింది. కరువు జిల్లాలో ఐదు వందలంటే చిన్న మొత్తం కాదు. పోతుందని తెలిసే కట్టారు.

అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానానికి 1,033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానానికి 456 మంది నిలబడ్డారు. మొడకురిచిలో రైతుల గోడు, బెళగావిలో సరిహద్దు గొడవ. ఢిల్లీ వీటన్నిటినీ ఒకే మూటగా చూసింది. కొద్ది నెలల్లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. గుర్తింపు పార్టీ అభ్యర్థి కాకపోతే బలపరిచేవాళ్లు పదిమంది ఉండాలన్నారు. అచ్చు ఖర్చు, పోలింగు ఇబ్బంది, ఇవన్నీ నిజమే, కాదనను. నాకు మింగుడుపడనిది వేగం. దశాబ్దాలుగా తెలిసిన రోగానికి మందు దొరకలేదు గానీ, ఆ రోగం గురించి అడిగే దారిని మూయడానికి ఒక్క పార్లమెంటు సమావేశం సరిపోయింది. 2010లో ఆ డిపాజిట్ 25,000 అయింది. మగ్గం మీద బతికే మా ఇళ్లలో గానీ, మర్రిగూడ పక్క ఎండుబోరు రైతు ఇంట్లో గానీ ఆ డబ్బు పోతుందని తెలిసి కట్టేవాళ్లు ఎందరు?

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం ఇదే పద్ధతి పట్టారు. 185 మంది అభ్యర్థులు, వాళ్లలో 170 మందికి పైగా రైతులు. ఈసారి బ్యాలెట్ పుస్తకం కాదు, ఒక్కో పోలింగు కేంద్రంలో 12 యంత్రాలు వరసగా పెట్టారు. అక్కడ సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు, ధర్మపురి అరవింద్ 70 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2023 అక్టోబరు 1న ప్రధాని మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. నల్లగొండ దారి చూపింది, నిజామాబాద్ ఆ దారిన నడిచి సీటునే కదిలించింది. అక్కడ రైతులు డిపాజిట్లు పోగొట్టుకున్నారు కానీ వాళ్ల మాటను గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ మోయక తప్పలేదు.

మరి మా నీళ్లు? సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం నింపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, 2004లో కృష్ణ నీళ్లను హైదరాబాద్‌కు తీసుకుపోయారు. ఆ పైపులు పోయింది మా జిల్లా మీదుగానే. ఫ్లోరైడు ఊళ్లకు కొంత నీరు ఆ పథకం నుంచే మెల్లగా అందింది. 2015 జూన్‌లో మా పొరుగున చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు, తర్వాతి ఏళ్లలో ఇళ్లకు నల్లాలు వచ్చాయి. అత్త మనుమరాళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి, ఈ మాట సంతోషంగా రాస్తున్నాను. కానీ శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి, జీవితమంతా ఈ రోగంతోనే ఉంటూ దాని మీద పోరాడి, 2022 జనవరిలో కన్నుమూశాడు. వంగిన ఎముకను ఏ నల్లా నీరూ తిరిగి నిలబెట్టదు. సాగునీటి మాట ఇంకా తేలలేదు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు, ఇరవై ఏళ్లు దాటినా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. మా పొలాలకు నీళ్లు తేవడానికి ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్లే అందరూ.

ఎన్నికల సంఘం 1996 గణాంకాల నివేదికలో నల్లగొండ అభ్యర్థుల 480 పేర్లూ వరసగా ఉన్నాయి. పోచంపల్లిలో వినోబాకు మందిరం ఉంది, 40 కుటుంబాల కథను వచ్చేపోయేవాళ్లకు చెప్తున్నాం. నల్లగొండలో ఈ 480 పేర్లు చెక్కిన ఒక గోడ కట్టాలి. వాళ్లలో బతికి ఉన్నవాళ్లను పిలిపించి, సొరంగం మీద సర్కారు పెట్టే తదుపరి సమావేశంలో మొదటి వరసలో కూర్చోబెట్టాలి.