గోదావరి సీమ, క్యాన్సర్ ఔషధ పరీక్షలు: ఒక చారిత్రక పరిశీలన

కొత్త ఔషధం ఎంత మేలు చేస్తుందో, ఎంత హాని కలిగిస్తుందో మనుషులలో పద్ధతి ప్రకారం పరిశీలించడమే క్లినికల్ ట్రయల్. క్యాన్సర్ చికిత్సకు సంబంధించి ఈ పరీక్షల చరిత్రలోని తొలి ప్రధాన ఘట్టాలలో ఒకదానితో గోదావరి సీమకు బంధం ఉంది. 1895లో భీమవరంలో జన్మించి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, కణవిభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అక్కడ రూపొందింది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో వెల్లడైంది. ఆ ఉపశమనం నిలవకపోయినా, దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉండడానికి ఆ పరీక్ష బాట వేసింది.

అదే కాలంలో, నాజీ వైద్యుల దురాగతాల విచారణ అనంతరం వెలువడిన 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి, మనిషి స్వచ్ఛంద సమ్మతి లేనిదే ప్రయోగం కూడదని శాసించింది. 1964 నాటి హెల్సింకి ప్రకటన ఆ సూత్రాన్ని వైద్యుల ధర్మంగా మలిచింది. పరీక్షలు కూడా దశలుగా విడివడ్డాయి: మొదటి దశలో సురక్షితమైన మోతాదును, రెండవ దశలో వ్యాధిపై ప్రభావాన్ని, మూడవ దశలో అప్పటికి వాడుకలో ఉన్న ఉత్తమ చికిత్సతో పోలికను పరిశీలిస్తారు.

సూత్రానికీ ఆచరణకూ మధ్య దూరం తెలుగునేలపై ఖమ్మం జిల్లాలో బయటపడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను 2009లో అక్కడి 10–14 ఏళ్ల బాలికలకు ఇచ్చిన పథకంలో, అనేక సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో పథకం ఆగిపోయింది. టీకా పొందిన కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చని విచారణ సంఘం అభిప్రాయపడినా, సమ్మతి సేకరణలోని లోపాలను 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా ఖండించింది.

ఆ కాలం నుంచే దేశంలో నియంత్రణ బిగిసింది. ఔషధ పరీక్షలలో పాల్గొన్నవారికి గాయమో మరణమో సంభవిస్తే పరిహారం చెల్లించాలనే నిబంధన 2013లో వచ్చింది. 2019 నాటి కొత్త నియమాలు, పరీక్షలను సమీక్షించే నైతిక సమితుల బాధ్యతలను విస్తరించాయి. నిరక్షరాస్యులైతే సమ్మతి తీసుకునే వేళ నిష్పక్షపాత సాక్షి ఉండాలి. ఎప్పుడైనా తప్పుకొనే స్వేచ్ఛ రోగిదే, అలా తప్పుకున్నంత మాత్రాన మామూలు చికిత్స ఆగకూడదు.

ఆత్రేయపురం వంటి గ్రామాల నుంచి రాజమండ్రికో, కాకినాడకో, విశాఖకో వెళ్లే రోగికి ఈ హక్కులు కాగితంపై ఉంటే చాలదు. సమ్మతి పత్రం తేట తెలుగులో ఉండాలి, ప్రయాణ ఖర్చులు అందాలి, ఇంటివారితో సంప్రదించుకునే వ్యవధి దొరకాలి. ఇవి సమకూరితేనే రోగి పరీక్షకు లోనయ్యే దేహంగా కాక, విజ్ఞానంలో భాగస్వామిగా నిలుస్తాడు.