జపాన్ సంరక్షణ బీమా: కుటుంబాల పాత్ర

వయసు మీదపడి, సొంత పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి వచ్చినవారికి సేవలు అందించే జపాన్ తప్పనిసరి సామాజిక బీమా పేరు ‘కైగో హోకెన్’, అంటే సంరక్షణ బీమా. 1997 డిసెంబరులో చట్టమై, 2000 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దీన్ని నడిపేది ఊళ్ల, పట్టణాల స్థానిక సంస్థలు. 40 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కట్టాలి. లబ్ధిదారు కట్టే వాటా పోను మిగిలిన ఖర్చులో సగం ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. లబ్ధిదారు వాటా మొదట అందరికీ 10 శాతమే. ఆదాయం ఎక్కువున్నవారికి 2015లో 20, 2018లో 30 శాతం కూడా వచ్చాయి. 65 ఏళ్లు దాటినవారికి ఏ కారణంతో సాయం అవసరమైనా, 40 నుంచి 64 ఏళ్లవారికి నిర్ణీత 16 జబ్బులకు మాత్రమే సేవలు దక్కుతాయి.

ఈ పథకాన్ని రాసింది అధికారులే. కానీ దాని లోపాలను ముందుగా కనిపెట్టింది, పట్టుబట్టి కొన్నిటినైనా సరిచేయించింది ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉన్న కుటుంబాలు.

కోడలి చాకిరీ నుంచి

అత్తమామలు మంచానపడితే చూసుకోవలసింది పెద్దకొడుకు భార్య అన్నది జపాన్‌లో చాలాకాలం ఎవరూ ప్రశ్నించని ఆచారం. కోడలిని అక్కడ ‘యోమె’ అంటారు. మతి తప్పిన మామగారిని సాకే కోడలి కథతో అరియోషి సావాకో 1972లో రాసిన నవల ‘కోకోత్సు నో హితో’ విపరీతంగా అమ్ముడుపోయింది. ఇళ్ల లోపల గుట్టుగా ఉన్న విషయం దానితో వీధిలోకి వచ్చింది.

1980లో క్యోటోలో డిమెన్షియా రోగుల కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. దాన్ని ముందుండి నడిపిన తకామి కునియో తన పెంపుడు తల్లికి స్వయంగా సేవ చేసినవాడు. సంఘం పత్రిక పేరు ‘పోలె పోలె’. స్వాహిలీ భాషలో ‘మెల్లమెల్లగా’ అని అర్థం. ఇలాంటి ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఎరిగినవారికి ఆ పేరు ఎందుకు పెట్టారో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు దేశంలోని 47 ప్రిఫెక్చర్లలోనూ ఈ సంఘానికి శాఖలున్నాయి.

1983లో ఏర్పడి, హిగుచి కెయికో ముందుండి నడిపిన మహిళా సంఘం ఇదే సమస్యలోకి ఇంకో వైపు నుంచి, ఆ చాకిరీ చేసే ఆడవారి వైపు నుంచి వచ్చింది. తర్వాత సంరక్షణ బీమా తేవడంపై జరిగిన చర్చల్లో పెద్ద చిక్కు డబ్బు దగ్గర పడింది. జర్మనీ 1995లో తెచ్చిన బీమాలో ఇంట్లో చూసుకునేవారుంటే సేవలకు బదులు నగదు తీసుకోవచ్చు. జపాన్‌లోనూ అలాగే ఇవ్వాలని కొందరన్నారు. మహిళా సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. నగదు ఇస్తే నాలుగు నోట్లు చేతిలో పెట్టి కోడలిని మళ్లీ మంచం పక్కనే కట్టేస్తారని వాళ్ల భయం. చివరికి వారి మాటే నెగ్గింది, బీమా కింద సేవలే ఇస్తారు. ఇంట్లో చేసే చాకిరీకి విలువ కట్టలేదన్న బాధ కొన్ని కుటుంబాల్లో నేటికీ ఉంది, అదీ న్యాయమైనదే. అయినా ఆ రోజు నగదుకు ఒప్పుకుని ఉంటే ఇంటింటికీ సహాయకులను పంపే వ్యవస్థ ఇంత వేగంగా పెరిగేది కాదు.

అమలుకు కొద్ది నెలల ముందు, 1999లో, పాలక పార్టీ నాయకుడు కమెయి షిజుకా కన్నవారిని పిల్లలు చూసుకోవడమనే మంచి ఆచారం ఈ బీమాతో దెబ్బతింటుందని అభ్యంతరం లేవనెత్తాడు. పథకం ఆగలేదు గానీ, 65 దాటినవారి నుంచి మొదటి ఆరు నెలలు ప్రీమియం వసూలు చేయలేదు, తర్వాతి ఏడాది సగమే తీసుకున్నారు.

సర్వే రోజున

సేవలు కావాలంటే ముందు స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టాలి. సర్వే చేసే మనిషి ఇంటికొచ్చి మంచం మీద పక్కకు తిరగగలరా, ఒంటికాలి మీద నిలబడగలరా, పుట్టినరోజు ఎప్పుడు, ఇప్పుడు ఏ కాలం అంటూ అడిగి ఫారం నింపుతారు. ప్రస్తుతం 74 అంశాలున్నాయి. కంప్యూటర్ ఆ జవాబులను బట్టి రోజుకు ఎన్ని నిమిషాల సాయం అవసరమో లెక్కగడుతుంది. 110 నిమిషాలు దాటితే అన్నిటికన్నా పైదైన ఐదో స్థాయి. ఆ లెక్కను, డాక్టరు అభిప్రాయాన్ని, సర్వే మనిషి విడిగా రాసిన వివరాలను నిపుణుల బృందం చూసి స్థాయి ఖాయం చేస్తుంది.

కుటుంబాలన్నీ చెప్పే మాట ఒకటుంది. కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే పెద్దాయన నిటారుగా కూర్చుంటాడు. రాత్రి మూడింటికి చెప్పుల్లేకుండా వీధిలోకి వెళ్లిన మనిషే పుట్టినరోజు తడుముకోకుండా చెప్తాడు, వంట తానే చేసుకుంటానంటాడు. పక్కన కూర్చున్న కూతురు కాదనలేదు, కాదంటే నాన్న పరువు తీసినట్టవుతుంది. అందుకే చాలామంది జరిగినవన్నీ తేదీలతో కాగితం మీద రాసిపెట్టుకుని, సర్వే మనిషి వెళ్లేటప్పుడు గుమ్మం బయట చేతిలో పెడతారు. ఫారంలో ‘ప్రత్యేక వివరాలు’ అనే భాగానికి ప్రాణం పోసేది ఆ కాగితమే.

లోపం పెద్దాయన మర్యాదలో మాత్రమే లేదు. నిమిషాల లెక్కకు ఆధారం సంరక్షణ సంస్థల్లో సిబ్బంది ఎంతసేపు పనిచేశారో కొలిచిన వివరాలు. సంస్థలో తలుపులుంటాయి, వంతులవారీగా సిబ్బంది ఉంటారు. ఇంట్లో, కాళ్లు బాగా ఆడుతూ మతి తప్పిన మనిషి వెనక రోజంతా ఒకరు తిరగాలి. 2000లో పథకం మొదలవగానే ఇలాంటివారికి తక్కువ స్థాయి పడుతోందని కుటుంబాలు మొరపెట్టుకున్నాయి. 2003లో లెక్క విధానాన్ని మార్చి, శరీరం బాగుండి డిమెన్షియా ఉన్నవారి స్థాయిని పైకి సరిచేసే ఏర్పాటు పెట్టారు.

2009 వివాదం

2009 ఏప్రిల్‌లో ప్రశ్నలను 82 నుంచి 74కు తగ్గించి, ఫారం నింపే నియమాలూ మార్చారు. కొత్త నియమం ప్రకారం, సాయం చేసే సందర్భమే రాకపోతే ‘స్వయంగా చేసుకుంటారు’ అన్న గడిలో గుర్తు పెట్టవచ్చు. అంటే మంచం దిగలేని మనిషిని ఎవరూ దింపడం లేదు కనుక ఆ పనిలో ఆ మనిషి స్వతంత్రుడన్నమాట. కన్నతల్లిని రోజూ తుడిచి దుస్తులు మార్చే కొడుక్కి ఆ గడిలో గుర్తు చూస్తే ఎంత కడుపు మండుతుందో ఊహించుకోవచ్చు. కుటుంబాల సంఘం, సంరక్షణ రంగంలో పనిచేసేవారు గొంతెత్తారు. ప్రభుత్వం పరిశీలక సమితిని వేసింది. ఈలోగా, స్థాయి తిరగరాయించుకునేవారు కోరితే పాత స్థాయినే ఉంచుకోవచ్చని వీలిచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో నియమాలను సవరించి, గడి పేరును కూడా ‘సాయం అందడం లేదు’ అని మార్చింది. ఆరు నెలల్లో ఒక ప్రభుత్వ ఫారం మారిందంటే అది చిన్న విషయం కాదు.

చట్టంలో ఇచ్చిన చోటు

స్థానిక సంస్థ మూడేళ్లకోసారి సంరక్షణ ప్రణాళిక రాయాలి. రాసేముందు బీమాదారుల అభిప్రాయాలు అందులో చేరేలా చర్యలు తీసుకోవాలని చట్టంలోని 117వ అధికరణం చెబుతోంది. 2018 ప్రణాళికల కోసం ఇళ్లలో సంరక్షకులనే నేరుగా అడిగే సర్వే వచ్చింది. ఉద్యోగం కొనసాగించగలరా, ఏ పనికి ఎక్కువ భయపడుతున్నారు అన్నవి అందులో ఉంటాయి. ఈ ప్రశ్నలకు కారణముంది. సంరక్షణ కోసం జపాన్‌లో ఏటా లక్షమంది దాకా ఉద్యోగాలు వదులుకుంటున్నారు.

ఒక్కో ఇంటి స్థాయిలో చూస్తే, సేవల ప్రణాళిక గీసే ‘కేర్ మేనేజర్’ దాన్ని ఖాయం చేసే ముందు పెద్దవారిని, కుటుంబాన్ని, సేవలందించేవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడాలి. మాట నిజంగా వినిపించేది ఎక్కువగా ఇక్కడే.

ఎవరి మాట?

కుటుంబం చెప్పేదే పెద్దవారి మనసులో మాట కానక్కర్లేదు. అలసిపోయిన కొడుకు సంస్థలో చేర్పిద్దామంటాడు, తల్లి ఇల్లు వదలనంటుంది. కుటుంబాల సంఘమే ఈ సంగతి ఒప్పుకుంది. ‘మతిపోయిన ముసలివారిని సాకే కుటుంబాల సంఘం’ అన్న అర్థం వచ్చే తొలినాటి పేరును 2006లో ‘డిమెన్షియా ఉన్న మనుషుల, కుటుంబాల సంఘం’గా మార్చుకుంది. అంతకు రెండేళ్ల ముందే, వెర్రి అన్న ధ్వని ఉన్న ‘చిహో’ అనే మాటను ప్రభుత్వం పక్కనపెట్టి ‘నిన్‌చిషో’ అనే పేరు తెచ్చింది. 2014లో డిమెన్షియా ఉన్నవారే సొంతంగా ఒక బృందం పెట్టుకున్నారు. 2023లో ఆమోదం పొంది 2024 జనవరి 1న అమల్లోకి వచ్చిన డిమెన్షియా మౌలిక చట్టం ప్రకారం, జాతీయ ప్రణాళిక తయారీలో కుటుంబాలతోపాటు ఆ జబ్బున్నవారి మాటా వినాలి.

పోరాటం ముగియలేదు. తక్కువ సాయం అవసరమైనవారికి ఇంటి సహాయకులను పంపడం, పగటి సంరక్షణ కేంద్రాల సేవలు 2015 నుంచి దేశవ్యాప్త బీమా లబ్ధిలోంచి స్థానిక సంస్థల పథకంలోకి మారాయి. వారి పైన ఉండే, ఒకటి, రెండు స్థాయిల సంరక్షణ అవసరమైనవారినీ అలాగే మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. కుటుంబాల సంఘం వ్యతిరేకించింది, 2022 డిసెంబరులో ఆ నిర్ణయం వాయిదా పడింది. ఆ రెండు స్థాయిల్లో ఉండేవారిలో చాలామంది కాళ్లు బాగా ఆడుతూ, మతి తప్పుతున్నవారు. 2000లో ఫారం కళ్లకు కనబడనిది కూడా వీళ్లే.