ఫోటో వెనుక పెన్సిలు రాతలు

కిందటి వేసవిలో తెనాలి దగ్గరున్న మా ఊరు వెళ్ళినప్పుడు, మా బాబాయి పోయాక ఎవరూ ముట్టని రేకు ట్రంకుపెట్టెను అటక మీదినుంచి దింపించాను. అందులో పంచాంగాలూ పన్ను రసీదులూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే రెండువందలకు పైగా ఫోటోలు. అన్నీ నలుపు తెలుపులే. బాబాయి తాలూకా కచేరీలో గుమాస్తా. ఆయన దగ్గర ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేదని నాకు గుర్తే. రీలుకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. పన్నెండూ పూర్తయ్యేదాకా ఒక్కోసారి మూడు నెలలు పట్టేది. కాని ఆ ఫోటోల వెనుక ఏముందో మాత్రం అంతవరకు నాకు తెలియదు.

ప్రతి ఫోటో వెనుకా పెన్సిలుతో రాసిన అభిప్రాయాలున్నాయి. ఒక్కరి దస్తూరీ కాదు, నలుగురైదుగురిది. "ఆకాశం ఎక్కువైంది", "మనిషిని కొంచెం ఎడమకు జరపవలసింది", "నీడ బాగా పట్టినారు" - ఇలా. ఊళ్ళో ఒక స్టూడియో మేడమీద ఆదివారం సాయంత్రాలు ఐదారుగురు స్నేహితులు కూడి, తాము తీసిన ఫోటోలు ఒకరికొకరు చూపించుకొని వాదించుకునేవారని మా పిన్ని చెప్పింది. వాళ్ళలో ఒక్కరికీ ఫోటోలు తీయడం వృత్తి కాదు.

పొట్టకూటికి కాక ఇష్టంకొద్దీ ఫోటోలు తీసేవాళ్ళు, తీసినదాన్ని ఎవరికో చూపించకుండా ఎందుకు ఉండలేరు? ఈ ప్రశ్న వెంటబడి కొంత చదివాను. బాబాయి మేడగది ముచ్చట్లకు నూట యాభై ఏళ్ళ వంశవృక్షం ఉందని అప్పుడు తెలిసింది. దాన్నే ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాను.

ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైంది 1839లో. మొదటి యాభై ఏళ్ళలో అది తీరికా డబ్బూ ఉన్నవాళ్ళకే సాధ్యమైన వ్యసనం. 1851లో వచ్చిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, ఆరకముందే చీకట్లో కడగాలి. అంటే కెమెరాతో పాటు ఒక చీకటి డేరానూ, సీసాల పెట్టెనూ, నీళ్ళ కుండనూ మోసుకుపోవాలి. మన ఎండల్లో ఆ పలక ఎంత త్వరగా ఆరిపోయేదో వేరే చెప్పనక్కరలేదు. ఇంత కష్టం ఉన్నచోట ఒంటరిగా నేర్చుకోవడం కుదరదు. మందుల పాళ్ళు ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి. సంఘాలు పుట్టింది ఆ అవసరం నుంచే. లండనులో 1853లో ఛాయాచిత్ర సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాదికే, 1854లో, బొంబాయిలో సంఘం వెలిసింది. కలకత్తాలోనూ మద్రాసులోనూ 1856లో ఏర్పడ్డాయి. లండనుకూ మనకూ మధ్య ఆలస్యం ఇంత స్వల్పంగా ఉన్న విద్యలు ఆ కాలంలో ఎక్కువ లేవు.

అమెరికాలో 1861లో మొదలైన ఒక బృందం కథ మరింత ముచ్చటైనది. ఔత్సాహికులు ఓ ఇరవైమంది దాకా చేరి చిత్రవినిమయ సంఘం పెట్టుకున్నారు. నియమం ఒక్కటే: ప్రతి సభ్యుడూ రెండు నెలలకొకసారి, తాను స్వయంగా తీసి ముద్రించిన జంటచిత్రం ఒకటి మిగిలిన సభ్యులందరికీ టపాలో పంపాలి. రెండు కళ్ళకూ రెండు బొమ్మలు పక్కపక్కన ఉండి, దర్శినిలో పెట్టి చూస్తే లోతు కనిపించే అట్టలవి. ఊరి వంతెన, పెరటి చెట్టు, మంచు కప్పిన దారి - ఇలాంటివే ఎక్కువ. అక్కడ అంతర్యుద్ధం మొదలైన ఏడు కూడా అదే. బోస్టను వైద్యుడూ రచయితా అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్ ఈ వ్యసనం గురించి 1863లో ఒక వ్యాసం రాశాడు. ముఖాలు ఎరగని మనుషుల మధ్య ఈ బొమ్మల వల్ల స్నేహం కుదరడం ఆయనకు వింతగా తోచింది. ఎవరి పెరడు ఎలా ఉంటుందో తెలుసు, మనిషి ఎలా ఉంటాడో తెలియదు! ఆ సంఘం కొద్ది ఏళ్ళే నడిచింది గాని ఆ పద్ధతి బతికింది. ఆ శతాబ్దం చివరికి ఇంగ్లండులో టపా సంఘాలు బయలుదేరాయి. ఒక పెట్టెలో అందరి ఫోటోలూ పెట్టి మొదటి సభ్యుడికి పంపుతారు. అతడు ప్రతిదాని గురించీ తన అభిప్రాయం కాగితం మీద రాసి, తన పాత ఫోటో తీసేసుకొని కొత్తది చేర్చి, పెట్టెను తరువాతివాడికి పంపుతాడు. పెట్టె ఊరూరా తిరిగి ఇంటికి వచ్చేసరికి, తన బొమ్మ మీద పదిమంది మాట అతని చేతికి అందుతుంది.

ఇంతవరకు చదివి, ఇదంతా పెద్దమనుషుల వినోదం అనుకోకండి. నలుగురు కూడి మాట్లాడుకునే చోట ఎవరికి మాట్లాడే హక్కు ఉంది అన్న ప్రశ్న తప్పక వస్తుంది. కలకత్తా సంఘంలో అది మరుసటి ఏడాదికే వచ్చింది. రాజేంద్రలాల్ మిత్ర పేరు చరిత్ర చదివినవాళ్ళకు కొత్తగాదు. ప్రాచీన శాసనాలూ, ఒరిస్సా ఆలయాలూ ఆయన పరిశోధనకు విషయాలు. ఆయన బెంగాలు ఛాయాచిత్ర సంఘానికి కోశాధికారి. 1857లో జరిగిన ఒక బహిరంగ సభలో ఆయన నీలిమందు తోటల దొరల ఆగడాలను గట్టిగా విమర్శించాడు. ఆ ఉపన్యాసానికీ ఛాయాచిత్రాలకూ ఏ సంబంధమూ లేదు. అయినా సంఘంలోని తెల్లవారు ఊరుకోలేదు. ఆయన్ని సంఘం నుంచి బహిష్కరించారు. కటకమూ రసాయనమూ మనిషి రంగు చూడవు. వాటి చుట్టూ కూర్చున్నవాళ్ళు మాత్రం చూశారు.

మద్రాసు సంఘం సంగతి మనకు ఇంకా దగ్గరది. దాన్ని స్థాపించిన అలెగ్జాండర్ హంటర్ వైద్యుడు. మద్రాసులో 1850లో చిత్రకళా పాఠశాల పెట్టినవాడూ ఆయనే. ఆ రోజుల్లోనే లీనియస్ ట్రైప్ అనే సైనికోద్యోగి, సెలవు దొరికినప్పుడు, 1854 చివర మైసూరు సీమలో తిరిగి హళేబీడు, బేలూరు ఆలయాలను సరదాకొద్దీ చిత్రించాడు. 1855 మద్రాసు ప్రదర్శనలో వాటికి మెప్పు దొరికింది. ఆ మెప్పే ఆయన్ని మద్రాసు ప్రభుత్వపు ఛాయాచిత్రకారుణ్ణి చేసింది. 1858లో ఆయన తీసినవాటిలో మన అమరావతి శిల్పాలున్నాయి. వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించి మద్రాసుకు చేర్చిన స్తూప ఫలకాలవి. కొద్దికాలానికే వాటిలో చాలా భాగం ఓడలెక్కి లండను వెళ్ళిపోయాయి. వెళ్ళకముందు అవి మద్రాసులో ఎలా ఉన్నాయో చెప్పే సాక్ష్యం ఆ ఫోటోలే. ఖర్చు ఎక్కువైందని ప్రభుత్వం త్వరలోనే ట్రైప్ పని నిలిపివేయించింది. సరదాగా మొదలైనది సాక్ష్యమై నిలిచింది. ఖర్చు లెక్కలు చూసినవారికి అది అప్పుడు కనిపించలేదు.

హైదరాబాదు పేరు చెప్పగానే గుర్తొచ్చే రాజా దీన్‌దయాళ్ కూడా మొదట ఔత్సాహికుడే. ఇందూరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూ 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. తరువాత ఆరవ నిజాము కొలువులో చేరాడు. 1892లో, పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. అదే కాలంలో అగర్తలాలో త్రిపుర మహారాజు బీరచంద్ర మాణిక్య తన కోటలోనే కెమెరా క్లబ్బు నడిపాడు. రాణి మనమోహిని కూడా ఫోటోలు తీసేది. అయితే ఇవన్నీ కోట గోడల లోపలి సంగతులు.

ఈ విద్యను గోడలు దాటించింది 1888లో వచ్చిన కొడాక్ పెట్టె. ఇరవై ఐదు డాలర్లు పెడితే నూరు బొమ్మల రీలు నింపిన కెమెరా చేతికొచ్చేది. నూరూ తీశాక కెమెరాను అలాగే కంపెనీకి పంపాలి. పది డాలర్లు తీసుకొని వాళ్ళు ఫోటోలు కడిగి, కొత్త రీలు వేసి తిప్పి పంపేవారు. 1900లో ఒక్క డాలరు బ్రౌనీ వచ్చింది. చీకటిగది లేకుండానే ఎవరైనా ఫోటో తీయవచ్చు! పాత సంఘాల పెద్దలకు ఇది నచ్చలేదు. మీట నొక్కడం కళ ఎలా అవుతుందన్నారు. తమది కళ అని నిరూపించుకోవడానికి చిత్రలేఖనం వైపు జరిగారు. మంచు తెర, మసక వెలుగు, పడవ తెరచాప - ఇవే గొప్ప విషయాలయ్యాయి. 1892లో లండనులో మొదలైన లింక్డ్ రింగ్ బృందం ఈ తీరుకు పెద్దపీట వేసింది.

మన దేశంలో ఆ అభిరుచి చాలాకాలం కొనసాగింది. 1953లో భారత ఛాయాచిత్ర సమాఖ్య ఏర్పడ్డాక ప్రదర్శనల సంప్రదాయం ఊరూరా పాకింది. పెద్ద సైజు ప్రింటు టపాలో పంపడం, న్యాయనిర్ణేతలు మార్కులు వేయడం, ఎంపికైతే వెనుక ఒక చీటీ అంటించి తిప్పి పంపడం - ఇదీ పద్ధతి. ఆ చీటీల కోసం మా బాబాయి లాంటివాళ్ళు ఎంత ఎదురుచూసేవారో! గోధూళిలో ఇంటికి మళ్ళే ఆవులు, ముడతలు పడ్డ ముసలి మొహం, చెట్ల సందుల్లోంచి దూసుకొచ్చే కిరణాలు. వీటికి చీటీ దొరికేది. వంటింటికి దొరికేది కాదు.

అలాగని అందరూ ఆవుల వెంటే పడలేదు. 1919లో పుట్టిన కవల అక్కచెల్లెళ్ళు, మనోబీనా, దేబలీనా, కాశీ దగ్గర రామనగరులో పెరిగారు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి చెరొక పెట్టె కెమెరా కొనిచ్చి పని నేర్పాడు. వాళ్ళు ఇంటివాళ్ళనూ, చుట్టుపక్కల మనుషులనూ తీశారు. సంయుక్త పరగణాల ఔత్సాహిక సంఘంలో సభ్యులై నలుగురిలో తమ చిత్రాలు పెట్టారు. మనోబీనా సినీదర్శకుడు బిమల్ రాయ్‌ని పెళ్ళాడింది. చాలామందికి ఆ పరిచయంతోనే ఆమె తెలుసు. దశాబ్దాల పాటు ఆమె తీసిన ఫోటోలు పరిశోధకుల కంటపడటానికి చాలా కాలం పట్టింది. అలాగే అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్‌సింగ్ తన భార్యాబిడ్డలనూ, తననూ జీవితమంతా చిత్రించుకున్నాడు. ఇంటి మనుషుల కోసం తీసిన ఆ ఫోటోలే నేడు ఒక కుటుంబ చరిత్రకూ, ఒక చిత్రకారిణి బాల్యానికీ ఆధారాలయ్యాయి.

ఇక మళ్ళీ ట్రంకుపెట్టె దగ్గరకు వస్తాను.

అందులో ఒక ఫోటోలో మా పిన్ని వసారాలో కూర్చొని ఆవకాయ కలుపుతోంది. మోచేతి దాకా కారం. పక్కన జాడీ. వెనుక స్తంభానికి ఆనుకొని ఎవరో పిల్ల, మొహం కదిలి మసకైంది. ఫోటో తిప్పి చూశాను. గుండ్రటి దస్తూరీలో ఇలా ఉంది: "విషయం సామాన్యం. ప్రదర్శనకు పనికిరాదు." దాని కింద వేరొకరి రాత: "జాడీ మీది వెలుగు చూడండి." ఆ కింద బాబాయి రాత, తేదీ వేసి: "పంపుట లేదు."

నాకు మొదట ఆ గుండ్రటి దస్తూరీ మీద కోపం వచ్చింది. ఆయన ఎవరో నాకు తెలియదు. తరువాత ఆలోచిస్తే, ఆయన అన్యాయమేమీ చేయలేదనిపించింది. ఆ కాలపు కొలతతో కొలిచాడు. శ్రద్ధగా చూశాడు, చూసింది రాశాడు, రాసింది ముఖాన చెప్పాడు. ఆ మూడూ లేకపోతే నాకు ఈ ఫోటో వెనుక ఖాళీ అట్ట మాత్రమే మిగిలేది. ఆ ఇంట్లో పిన్ని పని చేస్తూ కనిపించే ఫోటో ఇదొక్కటే. మిగిలినవాటిలో ఆమె పట్టుచీర కట్టుకొని కుర్చీ పక్కన నిలబడి ఉంది. పనికిరాదన్న ఫోటోయే అన్నిటికన్నా పనికొచ్చేదిగా మిగలడం ఆయన ఊహించగలిగింది కాదు. ఎవరు ఊహించగలరు?

నన్ను బాధపెట్టిన విషయం వేరు. రెండువందల ఫోటోల వెనుకా వెలుగు గురించి ఉంది, నీడ గురించి ఉంది, అంచుల గురించి ఉంది. మనుషుల పేర్లు ఒక్కదాని మీదా లేవు. అందరికీ తెలిసినవాళ్ళే కదా అని రాసి ఉండరు. ఆ మేడగదిలో కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. ఫోటోల్లోని మొహాలను గుర్తుపట్టగలిగింది పిన్ని ఒక్కతే. ఆమెకు ఎనభై దాటాయి, ఒక కంటికి చూపు తగ్గింది.

మూడు మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చున్నాను. ఒక్కొక్కటే చేతికిస్తే, కిటికీ దగ్గరకు వంగి చూసి చెప్పింది. మెత్తటి పెన్సిలుతో, పాత రాతలకు తగలకుండా, కింద పేర్లు రాశాను. ముప్పైకి పైగా ఆమెకూ తెలియలేదు. వాటిని వేరే కవరులో పెట్టాను.

ఆవకాయ ఫోటో ఇచ్చినప్పుడు చాలాసేపు చూసింది. వెనుక ఏం రాసి ఉందో చదివి వినిపించాను. నవ్వింది.

"వెలుగేమిటిరా, ఆ జాడీ మా అత్తగారిది. ఆ ఏడే మూత పగిలింది. స్తంభం దగ్గర ఉన్నది నువ్వు అనుకుంటున్నావేమో, కాదు. మీ పెద్దక్క. పసుపు గౌను."

నలుపు తెలుపు ఫోటో అది. "పసుపు గౌను" అని కూడా రాశాను.