కరువును చూడని కలాలు

కమ్యూనిస్టు చైనా గురించి పశ్చిమ పత్రికలు రాసిందంతా ద్వేషప్రచారమేనని మన వామపక్ష వ్యాసకర్తలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. నిజాన్ని దాచింది ఎర్రజెండా వాళ్లని, బయటపెట్టింది పశ్చిమ విలేకరులని ఎదుటి పక్షం వాదన. తేదీలు పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు వాదనలూ నిలవవు.

తొలి ఘట్టం అందరికీ తెలిసిందే. 1936లో అమెరికా విలేకరి ఎడ్గార్ స్నో మావోను కలవడం, 1937లో ‘రెడ్ స్టార్ ఓవర్ చైనా’ రావడం, హెన్రీ లూస్ తన ‘టైమ్’ పత్రికలో మావో ప్రత్యర్థి చాంగ్ కై షేక్‌ను ఆకాశానికెత్తడం. ఇక్కడ ఆంధ్ర కమ్యూనిస్టులు 1948లో చైనా బాట మనకూ వర్తిస్తుందని పత్రం రాసి, మరుసటి ఏడు పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే చేత చీవాట్లు తిన్నారు.

అసలు చిక్కు 1958–62 మధ్య కాలంతో వస్తుంది. మావో ఆర్థిక కార్యక్రమం ‘మహా ముందంజ’ తర్వాతి కరువులో చనిపోయినవాళ్లు కోటిన్నర అని ఒక లెక్క, నాలుగున్నర కోట్లని మరో లెక్క. తక్కువ లెక్క తీసుకున్నా ఇరవయ్యో శతాబ్దంలో అంతకు మించిన కరువు లేదు. అయినా ఆ రోజుల్లో అది పత్రికల మొదటి పేజీల్లో నిలబడలేదు. పెకింగ్ (ఇప్పటి బీజింగ్) దాచింది, నిజమే. కానీ అమెరికా విలేకరులను చైనా వెళ్లకుండా ఆపింది స్వయంగా అమెరికా ప్రభుత్వం. 1956లో చైనా ఆహ్వానం పంపితే విదేశాంగ మంత్రి డల్లెస్ ఒప్పుకోలేదు. ధిక్కరించి వెళ్లిన విలియం వర్తీకి తిరిగొచ్చాక పాస్‌పోర్టు దక్కలేదు. పెకింగ్‌లో మిగిలిన రాయిటర్స్, ఏఎఫ్‌పీ వంటి సంస్థల కొద్దిమంది విలేకరులకు పల్లెలకు వెళ్లే స్వేచ్ఛ లేదు. తక్కినవాళ్లు హాంకాంగ్‌లో కూర్చుని శరణార్థులను అడిగి, రేడియో విని రాశారు.

లోపలికి వెళ్లినవాళ్లు మాత్రం ఏం చూశారు? 1960లో స్నో అయిదు నెలలు తిరిగి, కొరత ఉంది గానీ కరువు లేదన్నాడు. బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ మాంట్‌గొమరీదీ అదే మాట, పైగా ఆయన కమ్యూనిస్టు కాడు. కరువుందని గట్టిగా రాసిన అమెరికా వ్యాసకర్త జోసెఫ్ ఆల్సప్‌ను, ఎప్పుడూ చైనా మీద విరుచుకుపడేవాడే కదా అని చాలామంది పక్కన పెట్టారు. హాంకాంగ్‌లో లాడనీ అనే జెసూట్ ఫాదర్ చైనా పత్రికలనే వరుస వరుస చదివి వారం వారం విశ్లేషించాడు. గడప దాటని ఆయన, దేశం తిరిగిన స్నో కంటే ఎక్కువ పట్టుకున్నాడు. కాబట్టి కళ్లారా చూడటమే గొప్ప అనలేం. ఎవరు దారి చూపిస్తే చూశాడన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

పత్రికా స్వేచ్ఛ, ఎన్నికలు ఉన్నచోట పెద్ద కరువు రాదని ఆర్థికవేత్త అమర్త్యసేన్ అన్నప్పుడు, అవి లేనిచోటికి ఆయన చూపిన ఉదాహరణ ఈ చైనాయే. కర్నూలు సీమలోని డోన్ ప్రాంతం నుంచి ఆలోచిస్తే ఆ వాదంలో పత్రికా స్వేచ్ఛ అన్న సగాన్ని కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలనిపిస్తుంది. 1876–78 ధాత కరువును మద్రాసు పత్రికలు దాచలేదు. ‘మద్రాస్ టైమ్స్’ సంపాదకుడు విలియం డిగ్బీ గొంతెత్తాడు, లండన్‌లో చందాలు పోగయ్యాయి. అయినా 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. అప్పుడు ఓటు లేదు గనుక సేన్ వాదం దీంతో కూలిపోదు. కానీ వార్త ఒక్కటే గింజ పుట్టించదని కర్నూలు సీమకు చైనా కంటే ముందే తెలుసు.

1962 యుద్ధంతో చైనా అంటే మనకు సరిహద్దు, సైనికుడు మాత్రమే అయిపోయింది. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి డోన్ శాసనసభ్యుడే. కమ్యూనిస్టు నేతలైన ఆయన బావమరిది తరిమెల నాగిరెడ్డి, వెలుగోడు నుంచి వచ్చిన చండ్ర పుల్లారెడ్డి కొన్నేళ్లకే మావో మార్గం పట్టారు. ఒకే సీమలో రెండు చైనాలు! నక్సల్బరీ రైతు తిరుగుబాటును 1967 జులైలో పెకింగ్ ‘వసంత మేఘ గర్జన’ అని మెచ్చుకుంటే, అదే నెలలో రాయిటర్స్ విలేకరి ఆంథొనీ గ్రేని పెకింగ్‌లోనే ఇంట్లో నిర్బంధించారు. ఆయన రెండేళ్లకు పైగా బయటపడలేదు.

తర్వాతిది అటూ ఇటూ ఊగిన కథ. 1971–72లో అమెరికా పత్రికాకారుడు రెస్టన్, అధ్యక్షుడు నిక్సన్ ప్రయాణాలతో ఆక్యుపంక్చర్ మీద మోజు; సాంస్కృతిక విప్లవపు మత్తులో ఉన్న పారిస్ మేధావులను చైనా పండితుడు సైమన్ లేస్ దులిపేయడం; 1979లో అమెరికా పత్రికల కార్యాలయాలు తెరుచుకోవడం; 1989లో తియానన్మెన్. చైనా సాహిత్యం, సంగీతం, పల్లె బతుకు ఎక్కువగా పత్రికలకెక్కింది 1979 తర్వాతి దశాబ్దాల్లోనే. అదే ఈ చరిత్రలో మంచికాలం అంటాను.

ఇప్పటి పరిస్థితి నాకు నచ్చడం లేదు. షిన్‌జియాంగ్ నిర్బంధ కేంద్రాలను ఉపగ్రహ చిత్రాలతో బయటపెట్టిన పని మెచ్చదగ్గదే, దాన్ని ప్రచారమని కొట్టేసేవాళ్లతో ఏకీభవించను. కానీ 2020లో మూడు పెద్ద అమెరికా పత్రికల విలేకరులను చైనా వెళ్లగొట్టాక చాలామంది తైపే, సియోల్‌ల నుంచే రాస్తున్నారు. ముప్పు, చిప్పులు, సుంకాలు తప్ప చైనాలో మనుషులున్నట్టు ఆ రాతల్లో అరుదుగా కనిపిస్తుంది. భారత్, చైనాలు 2023లో పరస్పరం విలేకరుల వీసాలు ఆపేసుకోవడంతో మన పాఠకుడికి ఆ అనువాద వార్తల మీద ఆధారపడటం ఇంకా పెరిగింది. ఆ తగువులో తప్పు బీజింగ్‌దేనని మన పత్రికలు రాశాయి. ఢిల్లీ కూడా చైనా విలేకరుల వీసాలు కత్తిరించిందన్న సంగతి అంత గట్టిగా రాయలేదు.