ముందు లెన్సు, తర్వాతే కెమెరా

మా అమ్మమ్మ ఫొటో ఒకటుంది, నేను తీసింది. వెస్ట్ మారేడుపల్లిలో మా ఇంటి వరండా, సాయంత్రం నాలుగున్నర వెలుగు, పేము కుర్చీలో కాస్త పక్కకి తిరిగి కూర్చున్న ఆవిడ. కమ్మలు అద్భుతంగా వచ్చాయి, ఒక్కో రాయీ లెక్కపెట్టొచ్చు. కళ్ళు మాత్రం మసక. "ఎంతసేపురా, తీసెయ్, నడుం పట్టేస్తోంది" అని గొణుగుతున్నా వినకుండా మూడు ఫ్రేములు తీశాను. మూడూ అంతే. ఆ రీలు పూర్తయ్యి, కడిగించి, స్కాన్లు నా చేతికొచ్చేసరికి ఆవిడ లేదు.

తప్పు ల్యాబుది కాదు, కెమెరాదీ కాదు. అచ్చంగా నాదే. చూడ్డానికి ముద్దుగా ఉందని ఓ బుల్లి రేంజ్‌ఫైండర్ బాడీ కొన్నా. కొన్నాళ్ళకి, మనుషుల మొహాలకి 90 మిల్లీమీటర్లే రైటని ఎవరో అంటే 90 ఎఫ్/2 లెన్సు కొన్నా. విడివిడిగా రెండూ బంగారాలే, కానీ ఒకదానికొకటి పడవు. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్స్ రాసుకోకుండా సర్వర్ కొనేశానన్నమాట!

ఎందుకు పడవో తెలుసుకుందామని తవ్వడం మొదలెడితే దారి ఎటెటో పోయింది. విచిత్రమేంటంటే, ఆ దారి జర్మనీ చేరేముందు మన హైదరాబాద్ మీదుగా వెళ్ళింది.

ముందు అసలు సంగతి. ఎస్సెల్లార్ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచే. రేంజ్‌ఫైండర్లో అలా కాదు. లెన్సు దారి లెన్సుదే, మన కన్ను దారి మనదే. కెమెరా ముందు పక్కపక్కన రెండు కిటికీలుంటాయి. రెండిట్లోంచీ వచ్చే బొమ్మలు వ్యూఫైండరు మధ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫోకస్ రింగు తిప్పుతుంటే రెండో బొమ్మ పక్కకి జరుగుతుంది. రెండూ అతుక్కున్నాయంటే ఫోకస్ కుదిరినట్టే. అంటే ఇది చేస్తున్న పని ఫొటో తియ్యడం కంటే ముందు దూరం కొలవడం. ఒక త్రిభుజం, దాని ఆధార రేఖ పొడవు తెలుసు, కోణాలు తెలుసు, మూడో మూల ఎంత దూరంలో ఉందో చెప్పాలి. తొమ్మిదో తరగతి లెక్క.

ఇదే లెక్కతో మొత్తం దేశాన్ని కొలిచారు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ళ ఆధార రేఖ కొలిచి, దాని మీద త్రిభుజం కట్టి, ఆ త్రిభుజం భుజం మీద ఇంకోటి కట్టి, అలా దక్కను దాకా వచ్చాడు. 1818లో హైదరాబాద్‌లో ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన కుర్రాడి పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, ఆ శిఖరం పేరు ఈయనదే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరమొచ్చి చావు తప్పించుకున్నాడు.

ఏడున్నర మైళ్ళు ఎందుకు, ఓ వంద గజాలు కొలిస్తే పోలేదా? పోదు. ఆధార రేఖ పొట్టిదైతే కోణం కొలవడంలో వెంట్రుకవాసి తేడా కూడా అవతల కొసకి వెళ్ళేసరికి బోలెడంత తేడా అవుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మా అమ్మమ్మ కళ్ళు మసకబారింది సరిగ్గా ఇక్కడే.

ఇంక మన సికింద్రాబాద్. ఇక్కడ ఫొటో అంటే మొదట తలుచుకోవాల్సింది రాజా దీన్‌దయాళ్‌ని. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. ఆయన మనలాగే ఇంజనీరు! 1866లో రూర్కీలోని థామసన్ కాలేజీలో చేరి, చదువయ్యాక ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. సరదాగా పట్టుకున్న కెమెరా చివరికి ఉద్యోగాన్నే వదిలించింది. (మనలో ఎంతమందిమి శుక్రవారం సాయంత్రాలు కనే కల ఇది!) 1880ల్లో ఇటు వచ్చి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో తెరిచాడు.

ఆయన కాలంలో కెమెరా అంటే ఓ చెక్క పెట్టె, మధ్యలో తోలు తిత్తి, వెనక గరుకు గాజు పలక. ఏ లెన్సు కావాలో అది ముందు బిగించి, నల్లగుడ్డలో తల దూర్చి, గాజు మీద పడిన బొమ్మ చూసి ఫోకస్ చేసేవాళ్ళు. లెన్సు చూసిందే ఫొటోగ్రాఫరూ చూసేవాడు. కాబట్టి 'ఈ బాడీకి ఈ లెన్సు పడుతుందా' అన్న బాధ చాలావరకు లేదు. లెన్సే అసలు, పెట్టె దాని వెనకాల నడిచేది. చేతిలో పట్టుకునే చిన్న కెమెరాలు వచ్చాకే ఈ వరస తలకిందులైంది, మనం బాడీలకి మోజుపడ్డం మొదలైంది.

కెమెరాలోకి రాకముందు రేంజ్‌ఫైండర్ ఉద్యోగం సైన్యంలో. సికింద్రాబాద్‌ని లష్కర్ అని ఊరికే అనలేదు కదా, 1806 నుంచీ ఇది దండు ఊరు. ఫిరంగి పేల్చాలంటే శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో తెలియాలి, మనిషిని పంపి టేపు పట్టి కొలిపించలేం. 1888లో బ్రిటిష్ సైన్యం దూరం కొలిచే పరికరం కావాలని ప్రకటన వేస్తే, లీడ్స్‌లో పాఠాలు చెప్పుకునే ఇద్దరు ప్రొఫెసర్లు, ఆర్చిబాల్డ్ బార్, విలియం స్ట్రౌడ్, ఒక గొట్టానికి రెండు కొసల్లో రెండు కిటికీలు పెట్టి పరికరం చేశారు. సైన్యానికి నచ్చలేదు గానీ 1890ల్లో నౌకాదళం తీసుకుంది. ఇక్కడా అదే సూత్రం, గొట్టం ఎంత పొడుగైతే కొలత అంత నిక్కచ్చి.

1925లో ఆస్కార్ బార్నాక్ తయారుచేసిన లైకా లైప్‌జిగ్ సంతలో బయటకొచ్చింది. అందులో రేంజ్‌ఫైండరే లేదు. దూరం అంచనా వేసుకోవాలి, లేదా విడిగా కొలిచే పరికరం పైన తగిలించుకోవాలి. 1932లో వచ్చిన లైకా 2లో దాన్ని లెన్సుతో జత కలిపారు. అదే ఏడాది జైస్ ఐకాన్ వాళ్ళు కాంటాక్స్‌తో పోటీకి దిగారు. లైకాలో రెండు కిటికీల మధ్య దూరం సుమారు 4 సెంటీమీటర్లైతే కాంటాక్స్‌లో సుమారు 10. జైస్ దగ్గర లుడ్విగ్ బెర్టెలె డిజైన్ చేసిన సొన్నార్ 50 ఎఫ్/1.5 ఉంది. అంత నోరు తెరుచుకునే లెన్సుకి ఫోకస్ తప్పకూడదంటే పొడుగు ఆధార రేఖ ఉండాల్సిందే. చూశారా, అక్కడ లెన్సుకి తగ్గట్టు బాడీ ఉంది. నేను చేసింది దానికి సరిగ్గా రివర్సు.

అసలు కిటుకు ఇంకోటుంది. కిటికీల మధ్య దూరాన్ని వ్యూఫైండరు మాగ్నిఫికేషన్‌తో గుణించాలి. ఆ వచ్చేదే మనకి నిజంగా పనికొచ్చే ఆధార రేఖ. 1954 నాటి లైకా ఎం3కి మాగ్నిఫికేషన్ 0.91, నికరంగా సుమారు 62 మిల్లీమీటర్లు. కానీ బొమ్మ అంత పెద్దగా కనిపించడం వల్ల 35 లెన్సు చూసే వెడల్పు దాంట్లో పట్టదు, ఉన్న గీతలు 50, 90, 135కే. మూణ్ణాలుగేళ్ళకి ఎం2 తెచ్చి మాగ్నిఫికేషన్‌ని 0.72కి తగ్గించి 35కి చోటిచ్చారు. నికరం సుమారు 50కి దిగింది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. ట్రేడాఫ్ అంటే ఇదే.

ఇప్పుడు ఎఫ్/2 దగ్గర లెక్కలు చూడండి. 3 మీటర్ల దూరంలో మనిషి ఉంటే 35 లెన్సుతో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 90 సెంటీమీటర్లు. 50తో 43. 90తో 13. అదే 90తో ఒక మీటరు దగ్గరకెళితే ఒకటిన్నర సెంటీమీటరు! కంటికీ కమ్మకీ మధ్య దూరం అంతకన్నా చాలా ఎక్కువ. అలాంటి చోట నా బాడీ నికర ఆధార రేఖ ఎం3లో సగం కూడా లేదు. వంద గజాల గొలుసుతో హిమాలయాలు కొలవబోయానన్నమాట.

కాబట్టి మొదటి రేంజ్‌ఫైండర్ కొనబోయేవాళ్ళకి నాకు తోచింది ఇదీ.

50 మీ చూపు అయితే, తర్వాత ఎప్పుడైనా 90 కూడా కావాలనుకుంటే, ఎం3ని మించింది లేదు. బడ్జెట్ లేదంటారా, సోవియట్ ఫెడ్-2 చూడండి. ఫెడ్ అంటే ఖార్కివ్‌లో అనాథ పిల్లల కమ్యూన్‌లో 1934లో మొదలైన లైకా నకలు. ఫెడ్-2లో కిటికీల మధ్య 67 మిల్లీమీటర్లు, దాదాపు ఎం3 అంత. కాకపోతే కిటికీ 50కి మాత్రమే. అతి చవకైన కెమెరా అతి ఖరీదైనదానితో ఇక్కడ భుజం కలుపుతుంది!

35 అయితే 0.72 బాడీలు: ఎం2, ఎం4, 1984లో వచ్చిన ఎం6. 28 గీతలు ఎం6లో ఉన్నాయి గానీ కళ్ళజోడు పెట్టుకుంటే అంచులు కనపడవు, మనలో సగంమందికి ఆ జోడు ఉండనే ఉంది. 28, 21 లాంటి వెడల్పు లెన్సులే ఇష్టమైతే కొసీనా వాళ్ళ ఫోక్ట్‌లాండర్ బెస్సా ఆర్4, మాగ్నిఫికేషన్ 0.52. ఆధార రేఖ పొట్టిదే, అయినా ఆ లెన్సులకి అది చాలు. 40 నచ్చితే లైకా సీఎల్, మినోల్టా సీఎల్ఈ. ఇంక 90 ఎఫ్/2, 135 మీదే మనసుంటే, మొహమాటం లేకుండా ఎస్సెల్లార్ కొనుక్కోండి. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక ప్రపంచం అటు తిరిగిందంటే ఊరికే కాదు.

మౌంట్ సంగతి: పాత 39 మిల్లీమీటర్ల మరలెన్సు ఓ పల్చటి రింగుతో ఎం బాడీ మీద చక్కగా కూర్చుంటుంది. ఎం లెన్సు పాత మర బాడీ మీద కూర్చోదు. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ ఒకవైపే. మీ దగ్గర పాత లెన్సులుంటే ఎం బాడీతో అన్ని దార్లూ తెరుచుకుంటాయి.

అంతా బానే ఉంది, మన చూపు 35దో 50దో ఎలా తెలుస్తుంది? నేనైతే ఓ ఆదివారం కూర్చుని చిన్న స్క్రిప్టు రాశా. పాత డిజిటల్ ఫొటోలన్నిటి ఎక్సిఫ్ లాగి, సెన్సరు సైజు సర్ది, ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎన్ని తీశానో లెక్కేశా. మోండా మార్కెట్ బుట్టలు, లష్కర్ బోనాలు, ఇంట్లో పెళ్ళిళ్ళు... సగానికి పైగా 35 చుట్టుపక్కలే. 90 దగ్గర ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇన్నేళ్ళూ మనుషులకి దగ్గరగా నిలబడే ఫొటోలు తీశాను. అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి మాటో విని ఎవరి లెన్సో పెట్టాను.

ఆ రోజు 35 ఉండుంటే వరండా అంతా వచ్చేది. పేము కుర్చీ, తులసికోట, గోడనున్న క్యాలెండరు, వాటి మధ్యలో ఆవిడ, కళ్ళతో సహా.

బుల్లి బాడీనీ 90నీ అమ్మేశా. ఇప్పుడు 0.72 బాడీ ఒకటి, ఒకే ఒక్క 35. కమ్మల ఫొటోని పారెయ్యలేక ఓ మూల పెడితే, మా అమ్మ చూసి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. ఎవరైనా వస్తే చూపిస్తుంది, "కమ్మలు ఎంత బాగా పడ్డాయో చూడండి" అని. ఆ కమ్మలు ఇప్పుడు తన చెవులకే ఉన్నాయి.