సానపొడి కథ

చేతితో గిటారు చేసేవారికి చెక్క మలచడం కంటె చివరి మెరుగే పెద్ద పరీక్ష. లాకరు పూత గట్టిపడ్డాక నీళ్ళు చల్లుతూ గరుకు కాగితంతో రుద్ది, ఆపైన తిరిగే గుడ్డచక్రం మీద ముతకపొడి, నడిమిపొడి, మెత్తనిపొడి కలిసిన ముద్దలను వరుసగా పట్టించాలి. ఒక్కొక్క పొడికి ఒక్కొక్క చక్రం. ముతకరేణువు ఒక్కటి మెత్తని చక్రం మీదికి చేరిందా, పడిన శ్రమంతా గీతలపాలు. ఏ పొడి, ఏ చక్రం, ఎంత ఒత్తిడి అన్న ఈ తర్జనభర్జన పరాయి దుకాణాల్లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. మా కర్నూలు సీమలో దాని జాడలు మూడున్నర శతాబ్దాల నాటివి దొరుకుతున్నాయి.

ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే 1676లో అచ్చువేసిన యాత్రాగ్రంథంలో 'రావోల్‌కొండ' గనిని వర్ణించాడు. అది కర్నూలుకు దక్షిణంగా సుమారు 18 మైళ్ళ దూరాన ఉన్న రామళ్ళకోట అని, ఆ గ్రంథాన్ని 1889లో ఆంగ్లీకరించిన వాలెంటైన్ బాల్ గుర్తించాడు. నేడది వెల్దుర్తి మండలంలోని ఊరు. గనుల గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. సానపట్టేవాడి పక్కన నిలబడి చూసినవాడు మాత్రం ఇతడే అనిపిస్తుంది నాకు.

అక్కడి సాన ఉక్కుచక్రం, భోజనపు పళ్ళెమంత. ఒక చక్రం మీద ఒకే రాయి. రాతి 'దారి' దొరికేదాకా ఎడతెగకుండా నీళ్ళు పోసేవారు. దొరికాక నూనె, వజ్రపు పొడి. ఈ దారి మూఢనమ్మకమేమీ కాదు. వజ్రపు కాఠిన్యం అన్ని దిక్కులా ఒక్కటిగా ఉండదు. కాస్త మెత్తనైన దిక్కు పట్టుకుంటేనే అరుగుతుంది. పొడిలోని రేణువులు ఎటుపడితే అటు తిరిగి ఉంటాయి కనుక కొన్నైనా తమ గట్టి అంచుతో తగులుతాయి. వజ్రాన్ని వజ్రమే కోయడంలోని రహస్యం ఇదే. అంత ఖరీదైన పొడిని అక్కడివారు పొదుపు చేయలేదని తావెర్నియే ఆశ్చర్యపోయాడు.

రాతి మీద మోపే బరువు కూడా యూరపు కంటె చాలా ఎక్కువ. బరువు పెడితే రాయి పగుళ్ళిస్తుందని అక్కడివారి భయం. ఇక్కడివారు అది ఒప్పుకోలేదు. తావెర్నియే దానికి కారణం వెతికాడు. పలుచని కొయ్యగరిటె పట్టుకుని ఒక కుర్రవాడు నూనె, వజ్రపుపొడి విడవకుండా చక్రానికి పూస్తూనే ఉంటాడట. పైగా దాన్ని తిప్పే కొయ్యచక్రం మూడడుగులకు మించదు కనుక వేగమూ తక్కువే. ఆ కుర్రవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. వజ్రాలకు మాత్రం పేర్లున్నాయి!

మన మెరుగు యూరపు మెరుగంత జీవంగా ఉండదని కూడా అతడు తీర్పు చెప్పాడు. ఇంతవరకే ఎత్తి చూపి మనవారికి పనితనం లేదనడం అన్యాయం. అతడు తప్పు పట్టింది చేతిని కాదు, చక్రాన్ని. రాయి ఆనిన చోట చక్రం అద్దంలా నునుపెక్కుతుంది. నునుపెక్కితే పొడి నిలవదు. అందుకని రోజుకొకసారైనా గరుకు చేయాలి. ఇనుపచక్రమైతే ఉన్నచోటనే ఆకురాయితో గరుకు చేయవచ్చు. ఉక్కుచక్రానికి ఎమరీ కావాలి, ఇరుసు నుండి ఊడదీయాలి, తిరిగి బిగించినప్పుడు మునుపటంత సమంగా తిరగదు. పొడి ఎంత మంచిదైనా దాన్ని పట్టి ఉంచే చక్రం కుదరకపోతే మెరుగు కుదరదన్నమాట.

మచ్చలేని రాయిని పైనా కిందా తాకించి వదిలేసేవారు, బరువు తగ్గకూడదని. మచ్చ ఉంటే ఒళ్ళంతా పలకలు తీర్చి దాన్ని మరుగుపరిచేవారు. అంటే పలకలు ఎక్కువగా ఉన్న రాయిని చూస్తే అనుమానించాలి! నేడు కొన్ని మెరుగుముద్దల్లో మైనమో నూనెలో కలిపి గీతలను పూడ్చి దాచడం కూడా ఇదే విద్య. పూడిక పోగానే గీత మళ్ళీ పైకి తేలుతుంది.

వజ్రం తరువాత చెప్పవలసినది కురువిందం. 1666 ప్రాంతంలో గోల్కొండ రాజ్యం చూసిన తెవెనో, అక్కడి తెల్ల ఎమరీని తెలుగులో 'కోరిండ్' అంటారని నమోదు చేశాడు. పనివాడొకడు తీగ బిగించిన విల్లుతో నీలాన్ని కోస్తుంటే మరొకడు ఈ పొడి కలిపిన నీళ్ళు పోస్తుండేవాడట. ఇంగ్లండులో జాన్ వుడ్వర్డ్ శిలల పట్టికలో (1728) 'నెల్ల', 'తెల్ల' కురువిందాలు రెండూ కనిపిస్తాయి: మొదటిది ఇనుముకు, రెండవది కెంపులకు, వజ్రాలకు. వజ్రం మాట నమ్మశక్యం కాదు, కురువిందం దాన్ని గీయలేదు. అయినా నల్లదీ తెల్లదీ వేరుచేసి, పనిని బట్టి పొడిని ఎంచుకున్నారన్నది స్పష్టం. 1798లో గ్రెవిల్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దీని మీద వ్యాసం రాశాక కొరండం శాస్త్రలోకంలో స్థిరపడింది. 1891లో అమెరికాలో ఎచిసన్ కొలిమిలో కొత్త పదార్థం తయారుచేసి, అది కార్బన్, కొరండంల కలయిక అనుకుని, కార్బొరండం అని పేరు పెట్టాడు. అది సిలికాన్ కార్బైడ్ అని తేలినా పేరు మారలేదు.

ఆ కార్బొరండం రాళ్ళే మన సీమలో బండలకు మెరుగు పెట్టాయి. కడప నల్లబండ, బేతంచెర్ల బండ సున్నపురాళ్ళు. భూవిజ్ఞానులు వీటిలో ఒక పొరను నార్జి పేరుతో పిలుస్తారు. సున్నపురాయి కాఠిన్యం మూడు, కురువిందానిది తొమ్మిది. కనుక ఇక్కడ ఒత్తిడి కంటె ఓపిక ముఖ్యం. ముతక నుండి మెత్తన వరకు ఒక్క మెట్టు దాటవేసినా వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు గీతలు బయటపడతాయి. వంటింటి గట్టు మీద నిమ్మరసం ఒలికిన చోట తెల్లని మచ్చ పడటం మీరూ చూసే ఉంటారు. ఆమ్లం అక్కడి సున్నాన్ని తినేసింది. దాన్ని తుడిచి లాభం లేదు, మళ్ళీ మెత్తనిపొడితో మొదలుపెట్టవలసిందే.