తర్లుపాడులో నడివయసు

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినప్పుడు మా తర్లుపాడులో పాతికేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి. అప్పటికి వాళ్లు కొత్తగా పెళ్లయి, నాన్న చేతిలోంచి సేద్యం తమ చేతిలోకి తీసుకున్నవాళ్లు. కాలువ వస్తుంది, కొండ అవతలి కృష్ణ నీళ్లు మన చేలోకి పారతాయి అన్న మాట నమ్మి ఊళ్లోనే నిలబడినవాళ్లు. ఇవాళ వాళ్ల పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు మోకాళ్లు పట్టేసి అరుగు దిగలేకపోతున్నారు. ఇద్దరి మధ్యా వీళ్లు.

ఊరి చరిత్ర రాయాలంటే శాసనాలు, కైఫీయతులు వెతకడం ఒక పద్ధతి. ఆ పనికి తగిన పండితులున్నారు. నేను మాత్రం ఈ నడివయసు వాళ్ల బతుకుల్లోంచే మా ఊరిని చెబుతాను. గడిచిన యాభై ఏళ్లలో ఊరికి వచ్చిన మంచైనా చెడైనా ముందు తగిలింది వీళ్లకే.

ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే రైలుమార్గంలో, మార్కాపురానికీ కంభానికీ మధ్య వచ్చే స్టేషన్ మాది. పడమరగా చూస్తే నల్లమల. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మేం కర్నూలు జిల్లావాళ్లం. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 1985లో మండలాలు వచ్చినప్పుడు తర్లుపాడు మండల కేంద్రమైంది. మా తాతలు జిల్లా పని పడితే కర్నూలు పోయేవాళ్లు, మేం ఒంగోలు పోయాం. కలెక్టరు గారికి ఒక అర్జీ ఇవ్వాలంటే రోజు కూలీ, బస్సు చార్జీ రెండూ పోయేవి. మార్కాపురం జిల్లా కావాలని ఈ ప్రాంతం అన్నేళ్లు పట్టుబట్టింది అందుకే. ఒంగోలు వాళ్లకు మేం పడమటి వాళ్లం, కర్నూలు వాళ్లు మమ్మల్ని ఎప్పుడో మరిచిపోయారు.

రైలు సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పుకోవాలి. 1876–78 నాటి ధాత కరువులో దక్షిణాదిన లక్షల మంది తిండి లేక చనిపోయారు. గింజలున్న చోటి నుంచి లేని చోటికి చేర్చే దారి లేకపోవడం కూడా అన్ని చావులకు ఒక కారణమని సర్కారుకు అప్పటికి తెలిసొచ్చింది. కరువు సీమలకు రక్షణగా వేయించిన రైలుమార్గాల్లో మాదొకటి. బళ్లారి–కృష్ణా లైను అనేవాళ్లు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ మీటరు గేజి పట్టాలు వేసింది. 1890 నాటికి గుంతకల్లు నుంచి నల్లమల దాటి కృష్ణ ఒడ్డు దాకా బండి నడిచింది. కరువొస్తే గింజలు మోసుకురావాలని వేసిన లైను ఇది. తర్వాత్తర్వాత కరువొచ్చినప్పుడల్లా మా మనుషుల్ని బయటికి మోసుకుపోయింది. గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోయే కూలీల గుంపులు, ఒళ్లో చంటిబిడ్డలు, సంచుల్లో సజ్జలు, జొన్నలు. ఈ ఊరి నడివయసు ఆడవాళ్లలో ఆ ప్రయాణం చేయనివాళ్లు తక్కువ.

1990లలో మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. దొనకొండలాంటి ఊరు ఆ మార్పుతో ఎంత కళ తప్పిందో చూసినవాళ్లకు తెలుసు. మా నష్టం అంత పెద్దది కాదు. దూరం పోయే బండి ఎక్కాలంటే ఎక్కువగా మార్కాపురం రోడ్డుకో కంభానికో పోవాలి, అంతే. గుంటూరు–గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్లకు రెండో లైను పని మొదలైనప్పుడు మాకు నాలుగు రోజులు మట్టిపనీ కంకరపనీ దొరికింది. కరెంటు ఇంజన్లు వచ్చాయి. కాలేజీ రోజుల్లో పాసింజరు పట్టుకుని మార్కాపురం పోయి చదువుకున్న కుర్రాళ్లే ఇప్పుడు పండక్కి వచ్చే పిల్లల కోసం మోటారు సైకిలు వేసుకుని స్టేషనుకు పోతున్నారు.

ఇక పలకలు. తెలుగునాట ఒక కాలంలో అ ఆలు దిద్దిన పిల్లల్లో ఎందరో మా రాతి మీదే దిద్దారు. మార్కాపురం పలక అంత పేరు మోసింది. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన ఈ రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా మా పక్క ఊరిదే, కంభం. మా చుట్టుపక్కల నడివయసు దాటిన మగవాళ్లు చాలామంది ఏదో ఒక దశలో పలకల పనికి పోయినవాళ్లే. వానలు పడితే చేను, పడకపోతే క్వారీ.

ఆ పనిని దగ్గరగా చూసినవాణ్ని కనుక చెబుతున్నాను. గనిలోంచి తీసిన దిమ్మలో తడి ఉండగానే చీల్చాలి, ఎండిందంటే మొండికేస్తుంది. పనివాడు దిమ్మను ఒళ్లోకి వాల్చుకుని అంచు పొడుగునా బొటనవేలితో తడుముతాడు. పొర ఎక్కడ మొదలైందో కంటికన్నా వేలికే ముందు తెలుస్తుంది. అక్కడ ఉలి ఆనించి సుత్తితో తడతాడు, గట్టిగా కొట్టడు. సన్నగా ఒక చప్పుడు, పొర విడిపోతుంది. అదే దిమ్మను మళ్లీ సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి. తేడా వస్తే రాయి అడ్డంగా విరిగి పొద్దుటి కష్టం చెత్తకుప్పలోకి పోతుంది. తర్వాత కొలతకు కోయడం, నున్నగా రుద్దడం, చెక్క చట్రం బిగించడం. చట్రాలు బిగించే పని, బలపాల పని చాలావరకు ఆడవాళ్లది.

కాగితం చవకై, నోటు పుస్తకం ప్రతి పిల్లవాడి సంచిలోకి వచ్చాక పలక పని కుంగిపోయింది. కొందరు గోడలకూ నేలకూ వేసే పలకరాళ్లు కోసి బయటి దేశాలకు పంపే వ్యాపారంలోకి మారారు. అది కొందరిని నిలబెట్టింది. కానీ యంత్రం పెట్టి కోసేటప్పుడు లేచే దుమ్ముకు మనిషి కనురెప్పలు తెల్లబడతాయి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పదేళ్లకో ఇరవై ఏళ్లకో బయటపడుతుంది. సరిగ్గా నలభై, యాభై ఏళ్ల వయసులో, ఆడపిల్ల పెళ్లికి అప్పు చేసి ఇంకా తీర్చని రోజుల్లో, దగ్గు మొదలవుతుంది. దాన్ని క్షయ అనుకుని మందులు మింగినవాళ్లున్నారు. సిలికోసిస్ అనే జబ్బు ఒకటుందని చాలా ఇళ్లకు మనిషి పోయాకే తెలుస్తుంది.

ఈ మాట రాస్తుంటే నాకు ఉత్తర వేల్స్ ఊళ్లు గుర్తొస్తాయి. బెథెస్డా, బ్లైనై ఫెస్టినియోగ్, లాన్‌బెరిస్. అవీ ఇలాంటి పలకరాతి మీద బతికిన ఊళ్లే. మాది బడిపిల్లల రాయి అయితే వాళ్లది ఇంటి కప్పుల రాయి. ఊరి వెనక రాతి చెత్త గుట్టలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. బెథెస్డా దగ్గరి పెన్రిన్ క్వారీలో పనివాళ్లు 1900 నుంచి 1903 దాకా, మూడేళ్లు, పనిలోకి పోకుండా నిలబడ్డారు. లాన్‌బెరిస్ దగ్గరి డినోర్విక్ క్వారీ 1969లో మూతపడింది. ఆ పనివాళ్ల ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం ఇవ్వాలని అడగ్గా అడగ్గా 1979లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టమే చేసింది. యజమాని కంపెనీ మూతపడి ఉన్నా సర్కారు సొమ్ము ఇచ్చేలా ఆ చట్టం. 2021లో ఆ పలకరాతి సీమను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మా పలకల కూలీకి కావలసిందీ ఇదే. ముందు పరిహారం, తర్వాత గౌరవం. మస్టరులో పేరు లేని మనిషి తాను ఏ క్వారీలో ఎన్నేళ్లు చేశాడో ఎట్లా రుజువు చేసుకుంటాడు? చీల్చడం తెలిసిన చేతులు ఉండగానే ఎవరెవరు ఎక్కడెక్కడ పనిచేశారో ఊరూరా రాసి పెట్టాలి. మార్కాపురంలో ఒక పలకల మ్యూజియం నిలబడితే, లోపల మొదటి గోడ మీద ఆ పేర్లే ఉండాలి.

నీళ్ల గొడవ మా ప్రతి ఇంట్లో ఉన్నదే. ఈ నేలలో నీళ్లు తక్కువ, ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెక్క. పడమటి ప్రకాశంలో ఆ గీత దాటిన బోర్లు కొల్లలు. పళ్ల మీద గార చిన్నతనంలోనే పడుతుంది, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆడపిల్లలకు అలవాటైపోతుంది. ఎముకల్లోకి దిగడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. నడుము వంగదు, మెడ తిరగదు, కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాను కొనని ఇల్లు అరుదు. కూలి డబ్బుల్లోంచి తాగే నీళ్లకు వాటా తీయాల్సి వస్తుందని మా ముందు తరం కలలో కూడా అనుకోలేదు.

సేద్యపు బోరుది ఇంకో కథ. ఒకప్పుడు బావిలో దిగి చేత్తో ముంచుకున్న నేల. ఇప్పుడు బోరు లోతు వందల అడుగులు దాటి వెయ్యికి దగ్గరపడింది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు లారీ చేలో నిలబడి రాత్రంతా మోగుతుంటే ఊరికి నిద్ర ఉండదు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసిన మనిషి గుర్తు పెట్టిన చోటే వేస్తారు. మొదట ఎర్రమట్టి, తర్వాత తెల్లటి దుమ్ము. దుమ్ము చెమ్మగిల్లిందా అని రైతు పిడికెడు తీసి పిసికి చూస్తాడు. “ఇంకో రెండు రాడ్లు దించండన్నా” అంటాడు. గట్టు మీద కూర్చున్న భార్య, “ఇంక చాలయ్యా, మెళ్లో ఉన్నది కూడా పోయింది, ఆపమను” అంటుంది. అడుగుకింత అని లెక్క గనక ప్రతి రాడ్డూ అప్పే. పడితే రెండించీల నీళ్లు. పడకపోతే ఆ గుంతకు ఒక రాయి మూసి ఇంటికి రావడం. ఈ బోర్ల మీదే బత్తాయి తోటలు పెంచి, ఎండిపోయాక సొంత చేత్తో నరికి పొయ్యిలోకి వేసినవాళ్లున్నారు. చెట్టు నరికిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని చెబితే నమ్మండి.

అన్నీ ఏడుపులే అనుకోకండి. కంది బాగా కాసి ధర నిలబడిన ఏడు ఊరి నడక మారిపోతుంది. మా నేలకు తగ్గ పంట కంది, రెండు మంచి వానలు పడితే మోసం చేయదు. పొదుపు సంఘాలు వచ్చాక మా ఆడవాళ్లు బ్యాంకు మెట్లెక్కి మేనేజరుతో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నారు. సంఘం అప్పుతో ఒక గేదె, గేదె పాలతో పిల్ల ఫీజు, ఇలా గట్టెక్కిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. 2007లో ఉపాధి హామీ వచ్చింది. మా వాళ్లు దాన్ని ఇప్పటికీ కరువుపని అనే అంటారు. మండుటెండలో గంపెడు మట్టి మోయడం సుఖం కాదు, కానీ సొంత ఊళ్లో, రాత్రికి సొంత ఇంట్లో పడుకునే పని. గుంటూరు పొలాల్లో గుడారం కింద నెలలు గడిపిన తల్లికి ఆ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

కొత్త బాధలు కొత్తవే. సేద్యం చేసే కుర్రాడికి పిల్లనిచ్చేవాళ్లు లేరు. పదెకరాలున్నా “అబ్బాయి ఎక్కడ జాబు?” అన్నదే మొదటి ప్రశ్న. దాంతో యాభై ఏళ్ల తండ్రి తానే కొడుకుతో, “నువ్వు పో నాయనా, చేను నేను చూసుకుంటా” అంటున్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. పగలు అతను చేలో ఉంటాడు, సాయంత్రం తల్లిని షుగరు పరీక్షకు తీసుకుపోతాడు, రాత్రి వీడియో కాల్లో మనవరాలి చేత అమ్మమ్మకు ముద్దు పెట్టిస్తాడు. ఊరిని నడిపిస్తున్నది అతనూ, అతని భార్యా.

మళ్లీ వెలిగొండకు వద్దాం. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టిన ప్రాజెక్టు అది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు. 43.5 టీఎంసీల నీళ్లు, 4.47 లక్షల ఎకరాలు, తాగునీళ్లు 15 లక్షల మందికి అన్నది లక్ష్యం. 2004 తర్వాత పనులు ఊపందుకున్నాయి, మధ్యలో మందగించాయి. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. సొరంగం తవ్వడం ఒక్కటే సరిపోదు. నల్లమలసాగర్ జలాశయం కింద మునిగే ఊళ్లవాళ్లకు న్యాయంగా పరిహారం అందాలి, కాలువలు చేలదాకా రావాలి. మన చేలు తడవడానికి ఊరు వదులుకుంటున్న కుటుంబాలకు పైసాతో సహా ముట్టాకే మనం గేటు ఎత్తమని అడగాలి. ఈ మాట ఊళ్లో కొందరికి నచ్చదు, అయినా అంటాను.

నీళ్లొస్తే ఏం వేద్దామన్న వాదన అరుగుల మీద ఇప్పటికే మొదలైంది. వరి వేస్తామని ఒకాయన, మిర్చి తప్ప గిట్టదని ఇంకొకాయన. కందికి పూతలో ఒక్క తడి ఇస్తే చాలు, దాని ముందు ఏ పంటా నిలవదని మా బావ వాదిస్తాడు. ఆడవాళ్ల మధ్య ఈ మాట వస్తే ఒకావిడ తేల్చి చెప్పేసింది: “ముందు తాగే నీళ్ల చెరువు నింపమనండయ్యా, తర్వాత ఏం వేసుకుంటారో మీ ఇష్టం.” నా ఓటు ఆమెకే.